వెనక వాయించినవాళ్ళు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వాళ్ళు నన్ను పిలిచి, "ఇంజినీరువి కదా, ఉక్కు గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. ఉక్కు గురించి నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ హాల్లోనే ముప్ఫైమంది ఉంటారు. కాబట్టి ఆ గండం మీకు తప్పించి, నాకు నచ్చిన పాటల గురించి మాట్లాడతానన్నాను. "ఘంటసాలవా, బాలూవా?" అని అడిగారు. హిప్-హాప్, ఫంక్, డ్రమ్ అండ్ బాస్ అన్నాను. ఫోను కాసేపు మూగబోయింది. "సరే, పిల్లలు కూడా వస్తారు కదా" అని ఒప్పుకున్నారు. యాభై అయిదేళ్ళవాడికి ఇదేం పిచ్చి అనుకునేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. చివర్లో ఈ బడికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. అసలు అది చెప్పడానికే వచ్చాను.

ఈ సంగీతం నా చెవిన పడింది మన ఊరి పోర్టు పుణ్యమా అని. 1980లలో మన ఊళ్ళో ఇంగ్లీషు క్యాసెట్టు దొరకాలంటే ఎవరింట్లోనో ఓడ మీద పనిచేసే మామయ్యో బాబాయో ఉండాలి. మా క్లాసులో ఒకడికి అలాంటి బాబాయి ఉండేవాడు. ఆయన తెచ్చిన క్యాసెట్టు మీద పాటల పేర్లు కూడా ఉండేవి కావు. ఎవరో రేడియోలోంచి ఎక్కించినవి. మా ఇంట్లో టూ-ఇన్-వన్ స్పీకరు అరచేతి కన్నా చిన్నది, దాంట్లో కింది స్థాయి శబ్దం పలకదు. మా అన్నయ్య పాత స్పీకరొకటి విడిగా తెచ్చి, మంచినీళ్ళ కుండ మూతి మీద బోర్లించి తీగలు కలిపాడు. అంతే! అప్పటిదాకా "టిక్ టిక్" మన్న పాట కడుపులోంచి పలికింది. బాస్ అంటే ఏమిటో నాకు చెప్పిన మొదటి గురువు ఆ కుండ. అమ్మ తిట్లు వేరే సంగతి.

ఆ క్యాసెట్టులో వినిపించిన వాటిలో ఒకటి జేమ్స్ బ్రౌన్ పాట అని చాలా ఏళ్ళకు తెలిసింది. 'ఫంకీ డ్రమ్మర్'. 1969 నవంబరులో రికార్డు చేశారు, 1970లో విడుదలైంది. నా జాబితాలో మొదటిది ఇదే. ఫంక్ అంటే మరేమీ కాదు. మన తాళంలో సమం ఉంటుంది చూడండి, ఆ మొదటి దెబ్బ దగ్గర వాద్యాలన్నీ కలిసి దిగుతాయి. మిగతా సమయమంతా ఒకదాన్నొకటి తప్పించుకుంటూ, సందుల్లోంచి నడుస్తాయి. రాగం తక్కువ, లయ ఎక్కువ. ఈ పాటలో ఒక చోట మిగిలిన వాద్యాలన్నీ ఆగిపోతాయి, డ్రమ్ములు మాత్రమే మిగులుతాయి.

(ఇక్కడ ఆ ముక్క వినిపించారు.)

పెద్ద దెబ్బలు అందరికీ వినిపించాయి. వాటి మధ్య కర్ర కొసతో తాకీ తాకనట్టు పడుతున్న సన్న దెబ్బలు విన్నారా? అవి తీసేస్తే పాట కవాతు అయిపోతుంది. ఉంటే మనిషి కూర్చోలేడు. నా ఉద్యోగంలో కూడా ఇదే చెవి పనికొచ్చింది. తిరిగే యంత్రంలో బేరింగు పాడవుతోందంటే పెద్ద మోతతో చెప్పదు. రెండు మోతల మధ్య చిన్నగా తడుతుంది. ఇప్పుడు కంపనాలు కొలిచే పరికరాలున్నాయి. మేం చేరిన కొత్తలో స్క్రూడ్రైవరు కొన బేరింగు పెట్టె మీద ఆనించి, పిడికి చెవి పెట్టి వినేవాళ్ళం. సన్న దెబ్బలు వినడం వచ్చినవాడే మంచి మెకానిక్కు.

ఆ డ్రమ్ములు వాయించినాయన పేరు క్లయిడ్ స్టబుల్‌ఫీల్డ్. తర్వాతి రోజుల్లో వందల హిప్-హాప్ పాటలు ఆ చిన్న ముక్క మీదే కట్టారు. పబ్లిక్ ఎనిమీ వాళ్ళ 'ఫైట్ ద పవర్', 1989లో వచ్చింది, అందులోనూ అదే. కానీ పాట జేమ్స్ బ్రౌన్ పేరు మీద ఉంది. వాయించిన చేతికి పాట మీద హక్కు లేదు. 2017లో ఆయన చనిపోయాక పత్రికలు పెద్ద పెద్ద వ్యాసాలు రాశాయి.

రెండో పాటకు ముందు ఒక బడి కథ. 1973 ఆగస్టు 11న న్యూయార్కు బ్రాంక్స్ ప్రాంతంలో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే ఇంటి సముదాయంలో ఒక అమ్మాయి పార్టీ పెట్టింది. ఎందుకో తెలుసా? బడి తెరిచే రోజులు, కొత్త బట్టలకు డబ్బు కావాలి. తలుపు దగ్గర చిల్లర వసూలు చేసి, రికార్డులు వేయమని అన్నయ్యని కూర్చోబెట్టింది. జమైకా నుంచి వచ్చిన ఆ అన్నయ్యే కూల్ హెర్క్. పాటలో డ్రమ్ములు ఒంటరిగా మిగిలే చోటికి వచ్చేసరికి జనం రెచ్చిపోతున్నారని ఆయన గమనించాడు. ఆ ముక్కేమో క్షణాల్లో అయిపోతుంది. అందుకని ఒకే రికార్డు రెండు కాపీలు రెండు యంత్రాల మీద పెట్టి, ఒక దాంట్లో ముక్క అయిపోగానే రెండో దాంట్లో మొదలుపెట్టి, ఈలోగా మొదటిది వెనక్కి తిప్పి, ఆ కొద్ది సెకన్లను నిమిషాలు చేశాడు. దాని మీద మైకులో మాటలు కలిశాయి. హిప్-హాప్ పుట్టినరోజుగా లోకం జరుపుకునేది ఆ తారీఖునే. స్కూలు బట్టల కోసం పుట్టిన సంగీతం, బడి స్వర్ణోత్సవంలో దాని గురించి మాట్లాడితే తప్పేముంది?

ఆ మాటల పాటను రికార్డుగా దేశమంతా తిప్పింది 1979లో వచ్చిన 'రాపర్స్ డిలైట్'. అందులో మాటలకన్నా నాకు ఇష్టం కింద నడిచే బాస్ గిటారు. ఆ నడక వాళ్ళది కాదు. అదే ఏడు షీక్ అనే బృందం చేసిన 'గుడ్ టైమ్స్'లో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ వాయించిన వరస. దాన్నే మళ్ళీ వాయించి వాడుకున్నారు. షీక్ వాళ్ళు కోర్టుకు వెళ్తామనేసరికి ఎడ్వర్డ్స్, నైల్ రోజర్స్‌ల పేర్లు రచయితలుగా చేర్చారు. అడిగినవాళ్ళు కాబట్టి పేరు దక్కింది.

మూడోది డ్రమ్ అండ్ బాస్. ఇది ఇంగ్లండులో 1990లలో పుట్టింది. దీని వెన్నెముక మాత్రం 1969 నాటి అమెరికన్ రికార్డు. వాషింగ్టన్‌కు చెందిన ద విన్‌స్టన్స్ అనే బృందం 'కలర్ హిమ్ ఫాదర్' అనే పాట విడుదల చేసింది. రికార్డుకు రెండో వైపు ఏదో ఒకటి ఉండాలి కదా అని 'అమెన్, బ్రదర్' అనే వాద్య గీతం వేశారు. దాని మధ్యలో గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మరు నాలుగు ఆవృత్తాలు ఒంటరిగా వాయించాడు. సుమారు ఏడు సెకన్లు, అంతే.

(ఇక్కడ ఆ ఏడు సెకన్లూ రెండుసార్లు వినిపించారు.)

దీని వేగం నిమిషానికి సుమారు 135 దెబ్బలు. డ్రమ్ అండ్ బాస్ వేగం సుమారు 170. అంటే పాతిక శాతం పైచిలుకు వేగం పెంచాలి. వాక్‌మన్‌లో బ్యాటరీ తగ్గితే పాట నెమ్మదించి గొంతు బొంగురు పోయేది గుర్తుందా? ఇది దానికి తిరగేసిన లెక్క. వేగం అంత పెంచితే శ్రుతి హార్మోనియం మీద నాలుగు మెట్లు పైకి పోతుంది. డ్రమ్ము చర్మం బిగుసుకున్నట్టు, తేలికై ఎగిరినట్టు వినిపిస్తుంది. దాన్ని కంప్యూటరులో ముక్కలుగా కోసి, దెబ్బల వరుస మార్చి అల్లుతారు. కింద బాస్ మాత్రం సగం వేగంతో, 85 దగ్గర తాపీగా సాగుతుంది.

ఇది అర్థం కావాలంటే మన హార్బరు ముఖద్వారం దగ్గర నిలబడండి. డాల్ఫిన్స్ నోస్ కింద నుంచి పెద్ద ఓడ లోపలికి వస్తుంటే దాని చుట్టూ టగ్గులు ఆ పక్కా ఈ పక్కా హడావిడిగా తిరుగుతాయి. ఓడ మాత్రం కదిలీ కదలనట్టు వస్తుంది. టగ్గులు డ్రమ్ములు, ఓడ బాస్. రెండూ ఒకే పని మీద ఉన్నాయి. నాకు బాగా నచ్చిన ఉదాహరణ రోనీ సైజ్, రెప్రజెంట్ బృందం చేసిన 'బ్రౌన్ పేపర్ బ్యాగ్'. దాంట్లో డబుల్ బాస్ విని తీరాలి. ఆ పాట ఉన్న 'న్యూ ఫామ్స్' ఆల్బమ్‌కు 1997లో బ్రిటన్‌లో మెర్క్యురీ బహుమతి వచ్చింది. రెండేళ్ళకు అదే బహుమతి టాల్విన్ సింగ్ చేసిన 'ఓకే'కి వచ్చింది. తబలా ఈ వేగంలో ఎంత సొంత ఇంట్లో ఉన్నట్టు ఉంటుందో అందులో వినండి.

మరి ఆ ఏడు సెకన్ల కోల్‌మన్ సంగతి? వేల పాటల్లో ఆయన చేతులు వినిపిస్తున్నాయి. ఒక్క పైసా రాలేదు. 2006లో అట్లాంటాలో పేదరికంలో, గూడు లేని స్థితిలో పోయాడు. 2015లో ఇంగ్లండు డీజేలు ఇద్దరు చందాలు పోగుచేసి 24,000 పౌండ్లు పంపారు. అవి అందుకోడానికి మిగిలింది బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్. వాయించినాయన అప్పటికే తొమ్మిదేళ్ళ క్రితం వెళ్ళిపోయాడు.

ఇదంతా పరాయి సంగీతం అనుకోకండి. మనకూ ఇందులో వాటా ఉంది. 1994లో 'ప్రేమికుడు' వచ్చినప్పుడు రహమాన్ బాస్‌కి థియేటరు కుర్చీలు అదిరినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. 'దళపతి'లో 'సింగారాల పైరుల్లోన' పాటకు మనమంతా గంతులేశాం. ఇళయరాజా చేసిన ఆ పాట డప్పుల మోతనే ఎం.ఐ.ఏ. అనే లండన్ గాయని 2007లో తన 'బాంబూ బంగా'లో వాడుకుంది. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో మన పెళ్ళి ఊరేగింపులన్నీ నడిపించిన బప్పీ లహరి కథ ఇంకా విచిత్రం. 1981 నాటి 'జ్యోతి' అనే హిందీ సినిమాలో లతా మంగేష్కర్ చేత ఆయన పాడించిన పాటను 2002లో అమెరికాలో 'అడిక్టివ్' అనే పాటకు చెప్పాపెట్టకుండా వాడేశారు. అది పెద్ద హిట్టయింది. లాస్ ఏంజెలెస్ కోర్టు 2003లో బప్పీ లహరి పేరు వేయకుండా ఆ ఆల్బమ్ అమ్మడానికి వీల్లేదంది. డబ్బు లెక్కలు ఎలా ఉన్నా, ముందు పేరు వేయమంది. ఆ తీర్పు నాకు చాలా నచ్చింది.

మన ఉత్తరాంధ్రలో జముకు ఉంది. ఒక వైపు చర్మం కట్టిన గుల్ల, చర్మం మధ్యలోంచి ఒక తంతి. తంతిని లాగి మీటుతారు. లాగుడు పెంచితే శ్రుతి పైకి, వదిలితే కిందికి జారుతుంది. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 అనే డ్రమ్ యంత్రం కింది మోత అమెరికా కార్ల అద్దాలు అదరగొట్టింది. తర్వాత వచ్చినవాళ్ళు ఆ మోతనే సాగదీసి, శ్రుతి జార్చి, బాస్‌గా మార్చి గొప్పగా చెప్పుకుంటారు. శ్రీకాకుళం జముకు కథ చెప్పేవాడు దాన్ని విని "ఇదేటి కొత్త?" అంటాడు. రేకు తప్పెట రొమ్ముకు కట్టుకుని ఎగురుతూ వాయించే తప్పెటగుళ్ళవాళ్ళ వేగం చూసినవాడికి 170 దెబ్బలు లెక్కలోవి కావు. వాళ్ళలో ఎంతమంది పేర్లు మనకు తెలుసు?

ఇప్పుడు మన బడి మాటకు వస్తాను.

1984 జనవరిలో బడుల మధ్య జరిగిన కవాతు పోటీలో మన బ్యాండు కప్పు గెలిచింది. ఆ కప్పు ఇప్పటికీ ఆఫీసు గది బీరువాలో ఉంది. బ్యాండు లీడర్ని నేను. సైడు డ్రమ్ము వాయించేవాడు మా క్లాసువాడే. వాళ్ళ నాన్న జాతరలకూ చావులకూ డప్పు వాయించేవాడు. ఆ సంగతి మీద వాణ్ని ఏడిపించిన నోళ్ళలో నాదీ ఒకటి. కవాతు నిమిషానికి 120 అడుగులు, దెబ్బ దెబ్బకీ అడుగు. వాడు మాత్రం ఆ దెబ్బల మధ్య సన్నగా ఏవో వేసేవాడు. డ్రిల్లు మాస్టారు మొదటిసారి విని, "ఎవడ్రా ఆ అల్లరి?" అని గద్దించారు. ఎవరమూ పలకలేదు. ఆయన పోనిచ్చారు. పోటీ రోజు ఆ సన్న దెబ్బలకు మా అడుగులు వాటంతటవే పడ్డాయి. బరువు తెలియలేదు. న్యాయనిర్ణేతలు వచ్చి ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. మాస్టారి మొహం వెలిగిపోయింది. "ఎవరి ఆలోచనరా ఇది?" అని అడిగారు.

"నాదే సార్" అన్నాను.

వాడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. తిట్లప్పుడు నోరు మెదపని నేను, మెప్పు దగ్గరికొచ్చేసరికి ముందుకు దూకాను. పదో తరగతి అయ్యాక వాడు పోర్టు పనికి వెళ్ళాడు, నేను కాలేజీకి వెళ్ళాను. మన రజతోత్సవ సంచికలో ఆ బ్యాండు ఫోటో వేశారు. ఫోటోలో 14 మంది ఉన్నారు. కింద హెడ్మాస్టారి పేరు, డ్రిల్లు మాస్టారి పేరు, లీడరుగా నా పేరు. మిగిలిన 11 మంది "తదితరులు". అప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు. ఫోటో కత్తిరించి ఇంట్లో ఫ్రేము కట్టించుకున్నాను.

పోయినేడు ఈ ఉత్సవం కోసం పాతవాళ్ళను వెతుకుతుంటే వాడు దొరికాడు. ఇప్పుడు క్రేను నడుపుతున్నాడు. జాతరల రోజుల్లో ఇంకా వాయిస్తున్నాడు. టీ కొట్టు దగ్గర కూర్చుని నా ఫోనులో 'ఫంకీ డ్రమ్మర్' వినిపించాను. బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ, కళ్ళు మూసుకుని విన్నాడు. "ఈడు సన్న దెబ్బలు బాగా ఏత్తన్నాడ్రా" అన్నాడు. మరుక్షణం కళ్ళు తెరిచి, "మరీ వాయించినోడికేటిచ్చారు?" అని అడిగాడు.

నలభై ఏళ్ళుగా ఈ పాట వింటున్నాను. ఆ ప్రశ్న నాకు ఒక్కసారీ రాలేదు. వాడికి మొదటిసారికే వచ్చింది. ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. ఆ రోజు సంగతి ఎత్తి, తప్పు చేశానురా అన్నాను.

"గుర్తునేదనుకున్నావేటి? నువ్వు నీదని సెప్పీసినావు గానీ, సెయ్యి నాదే కదరా" అని నవ్వాడు. టీ డబ్బులు వాడే ఇచ్చాడు.

డ్రిల్లు మాస్టారు ఇప్పుడు లేరు. ఆయనకు నిజం చెప్పే అవకాశం పోగొట్టుకున్నాను. అందుకని ఆయనతో కలిసి పాఠాలు చెప్పిన గురువులు కొందరు ఇంకా మన ముందు ఉండగానే ఈ మాట చెప్పదలచుకున్నాను. సార్, ఆ ఆలోచన నాది కాదు. ఆ కప్పు వాడి చేతిది.

ఇక సంచిక సంపాదకులకు ఒక మనవి. ఆ ఫోటో మళ్ళీ వేస్తున్నారని విన్నాను. ఈసారి "తదితరులు" అనే మాట వద్దు. వరుస ప్రకారం పేర్లు కాగితం మీద రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. వాడి పేరు వాడే చూసి సరిచేశాడు, ఇంటిపేరుతో సహా. రెండు చోట్ల మాత్రం ఖాళీ ఉంది. వెనక వరుసలో ఎడమ నుంచి మూడో అబ్బాయి, తాళాలు పట్టుకున్నవాడు. వాడి పక్కన ఈల నోట్లో పెట్టుకున్న పొట్టివాడు. వాళ్ళెవరో తెలిసినవాళ్ళు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి. ఫోటో నా జేబులోనే ఉంది.

సాయంత్రం కార్యక్రమంలో వాడు డప్పు వాయిస్తున్నాడు. కరపత్రంలో పేరు ఉంది, చూసుకోండి. పెద్ద దెబ్బలకు అందరూ చప్పట్లు కొడతారు. మీరు మధ్యలో పడే సన్న దెబ్బలు కూడా వినండి.